గడప దాటని గోల్ఫు

ఆటలకి కూడా అంతస్తులున్నాయి. గోలీలాట వీధిలోది. తొక్కుడుబిళ్ళ పెరటిది. పచ్చీసు మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలోది. టెన్నిసు కాస్త మెట్లెక్కింది. ఇక గోల్ఫు ఉందే, అది ఏకంగా మేడమీద పడక్కుర్చీ వేసుక్కూచుంది. పాత సినిమాల్లో కథానాయిక తండ్రి, కోటీశ్వరుడు, పేద అల్లుణ్ణి కాదు పొమ్మనబోయే ముందు పచ్చిక మీద నిలబడి ఓ తెల్లబంతిని వంకీకర్రతో కొడుతూ కనిపిస్తాడు చూడండి, అదీ ఆ ఆట. ఆ బంతి ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో మనకెవరూ చెప్పలేదు. మనమూ అడిగిన పాపాన పోలేదు.

అలాంటి ఆట ఇప్పుడు ఫోనులో దూరి, నెల్లూరు జిల్లా సంగం దాకా వచ్చేసింది. సంగం అంటే నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డులో, బుచ్చిరెడ్డిపాళెం దాటాక వచ్చే ఊరు. పెన్నలో బీరాపేరు కలిసేచోటు కనక ఆ పేరొచ్చింది. ఆ ఊళ్ళో ఒక ఇల్లాలుందనుకోండి. పిల్లలు పైచదువులకి వెళ్ళారు. పన్నెండింటికల్లా వంటిల్లు సర్దేసుకుంది. అమెరికాలో ఉన్న మేనల్లుడు, "అత్తా, ఈ ఆట నేర్చుకో, ఇద్దరం కలిసి ఆడదాం" అని ఫోనులో గోల్ఫు పెట్టించాడు. పక్కింటి పిన్నిగారు తొంగిచూసి, "ఏందమ్మా ఇది, ఈ వయసులో?" అంది.

ఆ పిన్నిగారి ప్రశ్న ఉందే, అది గోల్ఫు అంత పాతది. దాని చరిత్ర చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

ఆట సంగతి ముందు క్లుప్తంగా చూద్దాం. ఎక్కడో దూరంగా నేలలో ఒక గుంట ఉంటుంది. నాలుగుంపావు అంగుళాల వెడల్పు, అంటే ఓ మాదిరి ఇత్తడి గ్లాసు మూతంత. నలభయ్యారు గ్రాములు దాటని చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి ఆ గుంటలో పడెయ్యాలి. అలాంటి గుంటలు 18. మన గోలీలాటలో బద్దీలోకి గోలీ కొట్టడం లేదూ? దానికీ దీనికీ చుట్టరికం కలుపుకోవచ్చు. బిళ్ళంగోడులో కర్రతో బిళ్ళని లేపి కొట్టడం కూడా కలిపితే, గోల్ఫు సగం మన వీధిలోనే ఉంది. తేడా ఒక్కటే. మిగతా ఆటల్లో ఎక్కువ లెక్క వచ్చినవాడు గెలుస్తాడు. ఇందులో తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలుస్తాడు. తక్కువ నూనెతో ఎక్కువ వంట చేసే ఇల్లాలికి ఇదేం కొత్త లెక్క కాదు లెండి.

ఈ ఆట స్కాట్లండులో బాగా ముదిరింది. ఎంత ముదిరిందంటే, 1457లో రెండో జేమ్స్ రాజుగారి పార్లమెంటు గోల్ఫునీ ఫుట్‌బాలునీ కలిపి నిషేధించింది. కుర్రకారంతా ఆటల్లో పడి విలువిద్య సాధన మానేస్తున్నారని కంప్లైంటు. ఏ కాలంలో అయినా ఆటల మీద పెద్దవాళ్ళ కంప్లైంటు ఒకటే, అసలు పని చెడుతోందని! ఇంతకీ ఆ నిషేధం ఏమైందో చెప్పనా? 1502లో ఆ రాజుగారి మనవడు నాలుగో జేమ్స్ స్వయంగా గోల్ఫు కర్రలు కొన్నాడు. అవి కూడా ఎవరి దగ్గరనుకున్నారు? పెర్త్ ఊళ్ళో విల్లులు చేసే పనివాడి దగ్గర!

రాజు ఆడితే ముచ్చట. రాణి ఆడితే? అక్కడే కథ మారింది. 1567 ఫిబ్రవరిలో స్కాట్లండు రాణి మేరీ భర్త డార్న్‌లీ హత్య అయ్యాడు. ఆ తరవాత కొద్దిరోజులకే రాణి సీటన్‌లో గోల్ఫు ఆడిందని ఆవిడ శత్రువులు నేరం మోపారు. నిజంగా ఆడిందో లేదో దేవుడికెరుక. ఒక ఆడదాన్ని పదిమందిలో తలదించుకునేలా చెయ్యాలంటే, 'అలాంటి సమయంలో ఆటలాడింది' అన్న ఒక్కమాట చాలునని వాళ్ళకి తెలుసు. ఆ సంగతి మనకీ తెలుసు కదూ?

అయితే అందరూ అలా లేరు. మసల్‌బరా అని ఎడింబరో పక్కన సముద్రపు ఒడ్డు ఊరొకటి ఉంది. అక్కడి బెస్తస్త్రీలు చేపల బుట్టలు వీపున మోసుకుంటూ ఊరూరూ తిరిగి అమ్మేవాళ్ళు. మన మైపాడు రేవు వైపు తట్టలు మోసే ఆడవాళ్ళని తలుచుకోండి, సరిపోతుంది. ఈ స్త్రీలు గోల్ఫు ఆడేవాళ్ళు. 1810 డిసెంబరులో అక్కడి గోల్ఫు క్లబ్బు ఒక తీర్మానం రాసుకుంది. రాబోయే జనవరి ఒకటో తేదీన ఆడి గెలిచిన బెస్తస్త్రీకి మంచి కొత్త చేపలబుట్ట, శాలువా బహుమతి. దానికి తోడు రెండు బార్సిలోనా పట్టు చేతిరుమాళ్ళు. లోకంలో ఆడవాళ్ళ గోల్ఫు పోటీ గురించి దొరికే తొలినాటి దాఖలాల్లో ఇదొకటి. ఆడింది జమీందారిణులు కారు, రెక్కలకష్టం మీద బతికేవాళ్ళు. మేడమీద ఆట అనుకున్నాం గానీ, దాని పాతకాగితాలు తిరగేస్తే చేపలబుట్ట కనిపిస్తుంది!

మరి గొప్పింటి ఆడవాళ్ళో? 1867లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో స్త్రీలకి ప్రత్యేకంగా ఒక క్లబ్బు పెట్టారు. పెట్టారు గానీ, వాళ్ళకి ఇచ్చింది చిన్న ముక్క నేల. దగ్గర్నుంచి బంతిని గుంటలోకి నెమ్మదిగా దొర్లించడం, దాన్నే పటింగ్ అంటారు, అంతవరకే వాళ్ళ ఆట. కర్ర భుజం దాటి పైకి లేపితే కుటుంబస్త్రీకి మర్యాద కాదని ఆనాటి పెద్దల అభిప్రాయం. కుటుంబస్త్రీ భుజాలకి ఆ దేశంలోనూ లెక్కలున్నాయన్నమాట. అదే ఊళ్ళో ఉన్న ప్రపంచ ప్రసిద్ధమైన రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు స్త్రీలని సభ్యులుగా చేర్చుకోవడానికి ఎప్పుడు ఓటు వేసిందంటారు? 2014 సెప్టెంబరులో. పుట్టింది 1754లో. రెండువందల అరవై ఏళ్ళు గడప దగ్గరే నిలబెట్టారు! అమెరికాలో పేరుమోసిన ఆగస్టా క్లబ్బు 2012లో మొదటి ఇద్దరు స్త్రీలని చేర్చుకుంది.

మన దేశానికి ఈ ఆట ఇంగ్లీషు దొరల సామాను పెట్టెల్లో వచ్చింది. 1829లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు పెట్టారు. బ్రిటిష్ దీవులకి బయట అంతకంటె పాత క్లబ్బు ఇప్పటికీ లేదు. మన విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు తన పుట్టిన ఏడాది 1884 అని చెప్పుకుంటుంది. హైదరాబాదులో గోలకొండ నయాఖిల్లాలో ఒక గోల్ఫు మైదానం ఉంది. నీళ్ళు చాలని చోట్ల దొరలు ఏం చేసేవాళ్ళంటే, గుంట చుట్టూ పచ్చికకి బదులు ఇసుకలో నూనె కలిపి చదును చేసేవాళ్ళు. పచ్చిక ఉంటే 'గ్రీన్' అంటారు కనక దీన్ని 'బ్రౌన్' అన్నారు.

దొరలు కొడుతుంటే సంచి మోసే కుర్రాళ్ళు మాత్రం మనవాళ్ళు. వాళ్ళని కేడీలంటారు. మోస్తూ మోస్తూ, చూసి చూసి ఆట పట్టేశారు. ఢిల్లీలో కేడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ మొదలయ్యాక ఒక భారతీయ వృత్తి ఆటగాడు గెలవడం అదే మొదలు. మగపిల్లవాడికి కనీసం సంచి మోసే దారైనా ఉంది. ఆడపిల్లకి అదీ లేదు.

ఇంత చరిత్రలో సంగం ఎక్కడుందని అడుగుతారేమో. అసలు కిటుకు అక్కడే ఉంది. పద్ధెనిమిది గుంటల మైదానానికి మామూలుగా నూరు ఎకరాలు పైమాటే. సముద్రానికీ సాగుభూమికీ మధ్య వ్యవసాయానికి పనికిరాని ఇసుకదిబ్బల నేలలో స్కాట్లండువాళ్ళు ఆట పెట్టుకున్నారు. అలాంటి నేలని 'లింక్స్' అంటారు. మన నెల్లూరు తీరంలోనూ ఇసుకదిబ్బలకి కరువులేదు. వాటి మీద మనవాళ్ళు సరుగుడు తోటలు వేశారు, పొయ్యిలోకి కట్టె, పందిట్లోకి గుంజ వస్తుందని. ఇక సంగం చుట్టుపక్కల నేల సంగతి చెప్పేదేముంది? 1880లలో పెన్నకి అడ్డంగా ఆనకట్ట కట్టాక ప్రతి సెంటూ వరికే. మొలగొలుకులు పండిన సీమ అది. ఆ పాత ఆనకట్ట నూరేళ్ళకి పైగా వరదలు కాసి కాసి దెబ్బతింటే, దాని చోట కట్టిన బారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమయింది. దానికి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. నీటి చుక్కచుక్కకీ ఇంత పాటు పడ్డ ఊళ్ళో, నూరెకరాల పొలం మడులు చదును చేసి, పచ్చిక పెంచి, నీళ్ళు పెట్టి, బంతి దొర్లించుకుందామంటే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోకూడదు కూడా.

అంచేత ఆ మైదానం సంగానికి రాలేదు. వచ్చిందల్లా దాని బొమ్మ.

ఆ బొమ్మకీ ఒక చరిత్ర ఉంది. 1984లో జపానులో నింటెండో కంపెనీ టెలివిజనుకి తగిలించే ఆటపెట్టెకి గోల్ఫు ఆట తెచ్చింది. దాని వెనక లెక్కలన్నీ రాసింది సతోరు ఇవాతా అనే కుర్ర ఇంజనీరు. తరవాత 2002లో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఒళ్ళంతా తిప్పి కొట్టే దెబ్బని ఒక్క వేలిలోకి ఎలా కుదించడం? ఇతని ఆటలో మూడు నొక్కులున్నాయి. తెర మీద ఒక గీత ఉంటుంది. మొదటి నొక్కుతో గుర్తు పరుగు మొదలెడుతుంది. రెండో నొక్కు ఎక్కడ పడితే అంత బలం. గుర్తు తిరిగి వచ్చేటప్పుడు మూడో నొక్కు. సరిగ్గా పడితే బంతి సూటిగా పోతుంది. కాస్త ముందయితే ఓ పక్కకి, కాస్త ఆలస్యమయితే ఇంకో పక్కకి. తరవాత వచ్చిన గోల్ఫు ఆటలు చాలావాటికి ఈ మూడు నొక్కులే ఓనమాలయ్యాయి. ఆనాటి ఆటలోని గుంటలనే కొన్నిటిని 2006లో అదే కంపెనీ వీ స్పోర్ట్స్ అనే ఆటలో మళ్ళీ వాడుకుంది. అప్పటికి మాత్రం చేతిలో మీట పట్టుకుని నిజంగా చెయ్యి ఊపాలి.

నేల కరువైన దక్షిణ కొరియాలో మరో మార్గం పట్టారు. 2000లో మొదలైన గోల్ఫ్‌జోన్ అనే సంస్థ గదుల్లో గోడంత తెరలు పెట్టింది. నిజం బంతిని నిజం కర్రతో తెర మీదికి కొడితే, మిగతా దూరం బొమ్మలో ఎగురుతుంది. ఇంటర్నెట్టు వచ్చాక 2008లో వరల్డ్ గోల్ఫ్ టూర్ అనే ఆట కంప్యూటర్లలోకి వచ్చింది. 2017లో గోల్ఫ్ క్లాష్ ఫోనుల్లోకి వచ్చింది. ఇందులో బంతిని వేలితో వెనక్కి లాగి, అటూ ఇటూ ఊగే ముల్లు నడిమికి వచ్చినప్పుడు కొట్టాలి. ఎదుటివాడు మాంచెస్టరులో ఉండచ్చు, మదనపల్లెలో ఉండచ్చు. గేటు దగ్గర గూర్ఖా లేడు, సభ్యత్వం లేదు, ఫలానా దుస్తులే వెయ్యాలన్న నియమం లేదు. నేత చీరతో, జుట్టుముడితో, ఉయ్యాలబల్ల మీద కూచుని సెయింట్ ఆండ్రూస్‌లాంటి మైదానంలో ఆడుకోవచ్చు. భుజం దాటి చెయ్యెత్తారని అనేవాళ్ళూ లేరు.

సరే, గేటు తెరుచుకుంది. లోపలికెళ్ళాక ఆట రావాలిగా? కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, బలం సంగతి. కొత్తవాళ్ళంతా గీత చివరిదాకా బలం పెట్టేస్తారు. బంతి గుంట దాటి చెరువులో పడుతుంది. పాలు పొంగి పొయ్యిలో పడకముందే దించడం మీకు అలవాటే. ఇదీ అలాంటిదే. పొంగు అంచుదాకా రానిచ్చి, అంతకు వీసమెత్తు ముందు వేలు పడాలి.

రెండోది గాలి. తెర మీద ఒక బాణంగుర్తు, పక్కన ఓ అంకె కనిపిస్తాయి. గాలి ఎటు వీస్తోందో, ఎంత జోరో చెబుతాయి. కొత్తవాళ్ళు దాన్ని చూడరు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టిన తాతల ఇళ్ళలో పుట్టినవాళ్ళం, గాలి చూడకుండా చేట ఎత్తుతామా? గాలి ఎడమనుంచి వస్తుంటే గురి కాస్త ఎడమకి జరపాలి. గాలే బంతిని తెచ్చి గుంట దగ్గర దించుతుంది.

మూడోది కర్రల ఎంపిక. నిజం ఆటలో సంచిలో 14 కర్రలు దాటకూడదు. దూరానికి పొడుగుకర్ర, ఎత్తుగా లేపడానికి ఇనపకర్ర, ఇసుకగుంటలోంచి తవ్వి తియ్యడానికి ఒకటి, దొర్లించడానికి ఒకటి. అన్నీ ఒక్కరోజులో నేర్వాలనుకోకండి. గరిటె, అట్లకాడ, చిల్లులగరిటె దేనికేదో మనకి ఒక్కపూటలో తెలిసిందా? వారానికో కర్ర చొప్పున చేతికి అలవాటు చేసుకోవాలి.

నాలుగోది పటింగ్. ఇక్కడ ఆడవాళ్ళదే పైచెయ్యి అని నా నమ్మకం. ముగ్గు వేసే చెయ్యి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండి ఎంత జారాలో కన్ను చెప్పదు, వేళ్ళకే తెలుసు. పటింగ్‌లో కావలసింది ఆ వేళ్ళ లెక్కే. ముందు దూరం కుదరాలి, దిక్కు తరవాత. దూరం కుదిరితే దిక్కు కాస్త తప్పినా బంతి గుంట పక్కనే ఆగుతుంది, రెండో దెబ్బకి పడుతుంది.

ఒక్క హెచ్చరిక. ఈ ఆటలు ఊరికే ఇచ్చినట్టే ఇచ్చి, మంచి కర్ర కావాలా, మంచి బంతి కావాలా అని తరవాత డబ్బు అడుగుతాయి. ఆ మీట జోలికి వెళ్ళకండి. ఇక పందెం కట్టి ఆడించేవయితే అసలు ముట్టనే కూడదు. ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కాదంటూ చట్టం చేసింది. సరదా ఆటలకి అడ్డులేదు. పచ్చీసుకి చింతపిక్కలు పెట్టుకున్నంత వరకే సరదా, గాజులు పెట్టకూడదు.

లెక్కలో వాడే మాటలు కూడా తమాషాగా ఉంటాయి. నిపుణుడు ఒక గుంటకి తీసుకోవలసిన దెబ్బలని 'పార్' అంటారు. ఒకటి తక్కువలో ముగిస్తే 'బర్డీ', అంటే పిట్ట. ఒకటి ఎక్కువయితే 'బోగీ'. రైలుబోగీ కాదండోయ్! ఇంగ్లీషులో బూచాణ్ణి బోగీ అంటారు, ఈ మాట అక్కణ్ణించి వచ్చింది. కొత్తవాళ్ళకి అన్నీ బూచాళ్ళే. భయపడక్కర్లేదు. మొదటి నెలలో ప్రతి గుంటకీ రెండు దెబ్బలు అదనంగా మీకు మీరే మంజూరు చేసుకోండి.

ఇది నేను కల్పించిన రాయితీ కాదు. గోల్ఫులో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. దాని పేరు హేండికేప్. చేతకానివాళ్ళకి ముందే కొన్ని దెబ్బలు మినహాయించి, ఆరితేరినవాళ్ళతో సమానంగా నిలబెడతారు. 2020లో లోకమంతటికీ ఒకే పద్ధతి వచ్చింది. అందులో కొత్తవాళ్ళకి 54 దెబ్బల దాకా మినహాయింపు ఉంది, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా ఒకటే. ఇన్ని గడపలు అడ్డంపెట్టిన ఆట, లోపలికి అడుగుపెట్టాక మాత్రం కొత్తవాడి మీద ఇంత దయ చూపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో అత్తవారింటి వంటగదిలో మనకి ఎవరైనా 54 తప్పులు మినహాయించారా చెప్పండి?

2021 ఆగస్టు 7న, టోక్యో ఒలింపిక్సులో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క దెబ్బలో తప్పిపోయింది. అప్పటికి ప్రపంచ వరసలో ఆమెది 200వ స్థానం. ఆ శనివారం పొద్దున్న, గోల్ఫంటే ఏవిటో తెలియని ఇళ్ళల్లో కూడా టిఫిన్లు చల్లారిపోయాయి. ఆ అమ్మాయి పక్కన సంచి మోసుకుంటూ నడిచింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మ. కేడీగా మొదలయ్యే దారి ఆడవాళ్ళకి లేదనుకున్నాం. తల్లి సంచి మోస్తే కూతురు ఒలింపిక్సులో ఆడింది.

అందరి కూతుళ్ళూ ఒలింపిక్సుకి వెళ్ళరు. అందరు తల్లులకీ మైదానం దొరకదు. ఫోను ఆట నిజం గోల్ఫుకి సాటి రాదన్నదీ వాస్తవమే. కాళ్ళకింద పచ్చిక, ముఖాన ఎండ అందులో ఉండవు. అయినా ఒకటి ఉంటుంది. పిల్లలకి చదువు, మొగుడికి కేరేజీ, అత్తగారికి మాత్రలు, ఇలా ఎవరికో ఒకరికి పనికొచ్చేదే నేర్చుకుంటూ వచ్చిన మనిషి, నలభయ్యో ఏట, ఎవరికీ పనికిరాని ఒక విద్యని కేవలం తన కోసం మొదటి అక్షరం నుంచి దిద్దుకోవడం ఉంటుంది. తప్పు కొట్టినా కూర మాడదు, ఎవరూ కసరరు. మళ్ళీ కొట్టచ్చు.

అంచేత ఎవరైనా పిన్నిగారు "ఈ వయసులో ఆటలేందమ్మా?" అని అడిగితే, స్కాట్లండు రాణిని కూడా అడిగారని చెప్పండి. చెప్పి, ఆవిడ చేతికీ ఫోను ఒకసారి ఇవ్వండి. యాభైనాలుగు దెబ్బలు ఆవిడకీ మినహాయింపే.